కావలిలో పెళ్లి, లీడ్స్‌లో వీసా: ముందు ఏది?

ఒక తమ్ముడి ప్రశ్న ఇది. ఊరు కావలి. లీడ్స్‌లో ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చేది) మీద అక్కడే ఒక గోడౌన్‌లో పని చేస్తున్నాడు. ఏడాదికి 21,000 పౌండ్లు వస్తాయి, చేరి ఎనిమిది నెలలైంది. వీసా గడువు మార్చి మొదటి వారం దాకా, అంటే ఇంకా ఐదు నెలలు. అమ్మాయి బ్రిటిష్ పౌరురాలు, ఆమె జీతం 26,400. ఏడాదిన్నరగా కలిసే ఉంటున్నారు. ఇంట్లో ఒప్పుకున్నారు, కానీ మాఘమాసంలో కావలిలోనే పెళ్లి జరగాలని అమ్మ పట్టు. నెల్లూరులో ఒక ఏజెంటు 'ఇక్కడే పెళ్లి చేసుకుని ఇక్కడి నుంచే స్పౌజ్ వీసాకి (భార్యకో భర్తకో ఇచ్చే వీసా) వేద్దాం, మొత్తం నేను చూసుకుంటా, 3 లక్షలు' అన్నాడట. ఏం చేయమంటారు అక్కా అని అడిగాడు.

తమ్ముడూ, నాది కందుకూరు. మా ఆయన ఇంగ్లండ్ మనిషి. కృష్ణపట్నం వైపు ఒక ప్రాజెక్టు పనికి వచ్చినప్పుడు పరిచయం. 2013లో మా పెళ్లయింది. ఏ తేదీన అయిందని మాత్రం అడగొద్దు, దాని కథ కింద చెబుతాను. అప్పటి నుంచి మన వైపు పిల్లల కాగితాలు చూసిపెట్టడం నాకు అలవాటైపోయింది. నేను లాయర్ని కాను. కానీ నువ్వు వేయబోతున్న తప్పటడుగు నేను ఒకసారి వేసిందే.

ముందు ఒక మాట మనసులో పెట్టుకో. నీకు జరగాల్సినవి రెండు పెళ్లిళ్లు. ఒకటి కాగితం పెళ్లి, రెండోది మండపం పెళ్లి. మన ఇళ్లల్లో ఈ రెంటినీ ఒకటే అనుకుంటాం. వీసా ఆఫీసుకి మొదటిది మాత్రమే కనపడుతుంది, మీ అమ్మకి రెండోది మాత్రమే కనపడుతుంది. ఇద్దరూ కరెక్టే. నీ పనల్లా ఆ రెంటినీ విడదీసి, ఏది ఎక్కడ, ఏది ముందు అని చూసుకోవడమే. నీ విషయంలో కాగితం పెళ్లి లీడ్స్‌లో జరగాలి, అది కూడా ముందు జరగాలి. ఎందుకో డబ్బు లెక్కతో మొదలుపెడతాను, ఏజెంటు నీకు చెప్పనిది అదే.

2024 ఏప్రిల్ 11 నుంచి బ్రిటన్ స్పౌజ్ వీసాకి కనీస ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు. మా కాలంలో 18,600 ఉండేది. మీ అమ్మాయి జీతం 26,400, అంటే 2,600 తక్కువ. ఇక్కడే ఉంది కిటుకు. నువ్వు బ్రిటన్‌లో ఉండి, పని చేసుకునే హక్కున్న వీసా మీద ఉండగా అక్కడి నుంచే దరఖాస్తు చేస్తే నీ జీతం కూడా లెక్కలోకి వస్తుంది. ఇద్దరిదీ కలిపి 47,400. ఇక ఆ రూలు గురించి ఆలోచించే పనే లేదు. అదే నువ్వు కావలి వచ్చి ఇక్కడి నుంచి వేస్తే ఆమె జీతం ఒక్కటే చూస్తారు. నిన్నటిదాకా లీడ్స్‌లో నువ్వు సంపాదించింది లెక్కకి రాదు. 26,400 దగ్గర ఆగిపోతావు.

'నాన్న డబ్బు పంపిస్తాడు, సేవింగ్స్ చూపిస్తాం' అంటావేమో. అదీ చూద్దాం. జీతం తక్కువైనప్పుడు బ్యాంకులో దాచిన డబ్బుతో లోటు పూడ్చుకోవచ్చు. అయితే మొదటి 16,000 పౌండ్లు లెక్కలోకి తీసుకోరు. దానిపైన, తగ్గిన మొత్తానికి రెండున్నర రెట్లు చూపించాలి. 2,600కి రెండున్నర రెట్లు 6,500. పైన వదిలేసిన 16,000 కలిపితే 22,500 పౌండ్లు. అసలు జీతమే లేకుండా పూర్తిగా సేవింగ్స్ మీద వెళ్లాలంటే 88,500. ఆ డబ్బు దరఖాస్తుకి ముందు కనీసం ఆరు నెలల పాటు మీ ఇద్దరి చేతిలో, మీ ఖాతాలో కదలకుండా ఉండాలి. మీ నాన్న ఈ పంట రొయ్యలమ్మి రేపే పంపినా, ఆరు నెలలు నిండేసరికి నీ వీసా పోయి ఉంటుంది. కాబట్టి ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు.

ఫీజుల్లోనూ తేడా ఉంది. 2025 ఏప్రిల్ నుంచి అమలైన లెక్క చెబుతున్నాను. ఈ ఫీజులు సాధారణంగా ఏప్రిల్‌లో మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు మళ్లీ చూసుకో. బ్రిటన్ లోపలి నుంచి వేస్తే 1,321 పౌండ్లు, పైన అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టే ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 1,035 చొప్పున రెండున్నరేళ్లకి 2,587.50. ఇండియా నుంచి వేస్తే 1,938, సర్‌చార్జి 3,105. దాదాపు 1,100 పౌండ్లు ఎక్కువ. ఇండియా నుంచైతే టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా పెట్టాలి. అది వాళ్లు గుర్తించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి, మనవాళ్లు మామూలుగా దానికి చెన్నై వెళ్తారు. ఏజెంటు 3 లక్షలు వీటికి అదనం. అసలు బ్రిటన్‌లో ఇమ్మిగ్రేషన్ సలహా డబ్బు తీసుకుని ఇవ్వాలంటే సొలిసిటర్, బారిస్టర్ లాంటి లాయరైనా అయి ఉండాలి, లేదా ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ దగ్గర రిజిస్టర్ అయినా అయి ఉండాలి. 2025 జనవరి దాకా ఆ సంస్థని ఓఐఎస్‌సీ అనేవాళ్లు. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీద బోర్డు పెట్టుకున్న మనిషి ఆ లెక్కలోకి రాడు. నీ ఫారం తప్పు నింపినా అతనికి పోయేదేం లేదు, తిరస్కరించిన ఉత్తరం మీద ఉండేది నీ పేరే.

ఇప్పుడు నా కథ. నవ్వుకో, కానీ చదువు.

మా అమ్మ మొక్కు మాలకొండ నరసింహస్వామికి. నీకు తెలుసుగా, ఆ గుడి శనివారం తప్ప తెరవరు. అందుకని ఫిబ్రవరిలో ఒక శనివారం కొండ మీద పెళ్లి. మా ఆయనకి మూడు వారాలు సెలవు. సోమవారం పొద్దున్నే ఫొటోలు, శుభలేఖ, గుడి రసీదు పట్టుకుని రిజిస్ట్రేషన్ ఆఫీసుకి వెళ్లాం. మా చిన్నాన్న ముందే ఫోన్ చేసి చెప్పి ఉంచాడు, అరగంటలో పని అయిపోతుందన్నాడు. క్లర్కు పాస్‌పోర్ట్ అటూ ఇటూ తిప్పి, మా ఆయన పేరు మూడుసార్లు పైకి చదివి, 'అబ్బాయి మతం?' అన్నాడు. క్రిస్టియన్ అని చెప్పాం. పెన్ను మూత పెట్టేశాడు. హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి, తాళి కట్టినంత మాత్రాన సరిపోదన్నాడు. మా చిన్నాన్న గొంతు పెంచాడు. ఆ క్లర్కు తప్పేం లేదని నాకు తర్వాత తెలిసింది. 2008లో సుప్రీంకోర్టు మన ఆంధ్ర కేసులోనే తేల్చింది. క్రిస్టియన్ అబ్బాయి, హిందూ అమ్మాయి గుడిలో తాళి కట్టించుకుని, హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ కూడా చేయించుకున్నా ఆ పెళ్లి చెల్లదని.

మిగిలింది 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్టు. మతంతో పని లేదు, కానీ తొందర పడితే కుదరదు. నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఆఫీసులో అంటించాక అభ్యంతరాల కోసం ఇంకో 30 రోజులు ఆగాలి. ఆ తర్వాత ముగ్గురు సాక్షులతో పెళ్లి. ఇదంతా నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు జరిగిపోవాలి, దాటితే మళ్లీ మొదటికి. ఆ చట్టం కింద ముందే జరిగిన పెళ్లిని రిజిస్టర్ చేసే దారి కూడా ఒకటుంది. కానీ దానికి ఇద్దరూ 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. మూడు వారాల సెలవు మనిషికి అది ఎలాగూ కుదరదు. విదేశీయుల నుంచి వాళ్ల దేశం తరఫున 'ఇంతకు ముందు పెళ్లి కాలేదు, అడ్డంకి లేదు' అన్న పత్రం కూడా అడుగుతారు.

మేం నోటీసు మీద సంతకాలు పెట్టాం, ఆయన వెళ్లిపోయారు. బోర్డు మీద నా ఫొటో, ఆయన ఫొటో పక్కపక్కన. పొలం రిజిస్ట్రేషనుకి వచ్చిన మా మేనత్త తోడికోడలు అది చూసి, 'ఏమ్మా, మొన్నేగా కొండ మీద పెళ్లి భోజనం చేసొచ్చాం, మళ్లీ పెళ్లి నోటీసేంది?' అని ఊరంతా ఫోన్లు చేసింది. సెలవు దొరక్క ఆయన మూడు నెలల్లో రాలేకపోయారు. నోటీసు మురిగిపోయింది. సెప్టెంబరులో మళ్లీ సంతకాలు, అక్టోబరులో సర్టిఫికెట్. ఎనిమిది నెలలు నేను పెళ్లయిన కన్యగా కందుకూరులో కూర్చున్నాను. పైగా వీసా ఫారంలో పెళ్లి తేదీ అన్నచోట అలవాటు కొద్దీ ఫిబ్రవరి తేదీ రాశాను. సర్టిఫికెట్‌లో అక్టోబరు. దానికి వివరణ ఇచ్చుకోవడానికి ఇంకో నెల పైన పట్టింది. ఇప్పటికీ మా ఇంట్లో పెళ్లిరోజు రెండుసార్లు వస్తుంది, ఆయన మాత్రం రెండూ మర్చిపోతారు.

సరే, నీ దారి ఏమిటో చూద్దాం.

లీడ్స్‌లో రిజిస్టర్ ఆఫీసు పెళ్లికి ఇద్దరూ కలిసి వెళ్లి నోటీసు ఇవ్వాలి. మీలో ఒకరు విదేశీయుడు కాబట్టి అందుకు కేటాయించిన ఆఫీసుకే వెళ్లాలి, ఏ ఆఫీసో బుకింగ్ చేసేటప్పుడు వాళ్లే చెబుతారు. నోటీసు ఇచ్చాక మామూలుగా 28 రోజులు ఆగాలి. నీలాంటి వాళ్ల నోటీసు హోం ఆఫీసుకి, అంటే వీసాలు చూసే అక్కడి శాఖకి పంపుతారు. వాళ్లకి విచారణ చేయాలనిపిస్తే ఆ 28 రోజులు 70 రోజులవుతాయి. మొత్తం 70 పడుతుందనుకునే ప్లాన్ వేసుకో, 28లో అయిపోతే అదృష్టం. ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకో. తొందర పడమనేది అందుకే. నోటీసు ఏడాది వరకు చెల్లుతుంది, ఇవ్వడం వల్ల నష్టం లేదు.

నోటీసు రోజున మీ ఇద్దర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారు. భయపడే ప్రశ్నలేం కావు. ఆమె పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఉద్యోగం, ఎక్కడ ఉంటారు, ఎప్పటి నుంచి. నేను సాక్షిగా వెళ్లిన ఒక పెళ్లిలో ఒంగోలు అబ్బాయి అమ్మాయి మిడిల్ నేమ్ చెప్పలేక చెమటలు కక్కాడు. మనం ముద్దుపేరుతో పిలుచుకుంటాం, పాస్‌పోర్ట్ పేరు ఎవడికి గుర్తుంటుంది! అలాగే తల్లిదండ్రుల పేర్లు, వృత్తి అడుగుతారు. 2021 మే దాకా ఇంగ్లండ్ పెళ్లి సర్టిఫికెట్లో తండ్రి పేరే ఉండేది, ఇప్పుడు తల్లి పేరు కూడా వస్తుంది. మీ అమ్మకి ఈ మాట చెప్పు, సగం కోపం దిగుతుంది.

నీ పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉందో అక్షరం అక్షరం అలాగే రాయించు. మనకి ఇంటిపేరు ముందొస్తుంది, వాళ్లకి చివరొస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉండటం మన దగ్గర మామూలే. అక్కడ వాళ్లకి పాస్‌పోర్టే ప్రమాణం. ఇంకో టెన్షన్ కూడా వదిలెయ్. మా కందుకూరు పిల్లలు తరచూ అడిగేవాళ్లు, పుట్టిన చోటు కింద పాస్‌పోర్ట్‌లో ప్రకాశం అని ఉంది, 2022 ఏప్రిల్‌లో ఊరు నెల్లూరు జిల్లాలోకి పోయింది, మార్చించాలా అని. అక్కర్లేదు. జిల్లాలు మారినప్పుడల్లా పాస్‌పోర్ట్ మార్చుకుంటూ పోతే ఇక మనకి వేరే పని ఉండదు.

పెళ్లి సర్టిఫికెట్ చేతికొచ్చిన వారంలోపే దరఖాస్తు వేసెయ్. గ్రాడ్యుయేట్ వీసా నుంచి స్పౌజ్ వీసాకి దేశం దాటకుండానే మారవచ్చు. విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్లకి ఈ సౌకర్యం లేదు. ఒకవేళ ఈ వీసా వదిలేసుకుని తర్వాత విజిటర్‌గా వెళ్లి మారదామని ఎవరైనా చెబితే నమ్మకు. 'పెళ్లి కాకుండానే పార్ట్‌నర్‌గా వేయొచ్చుగా' అనే సలహా కూడా వినే ఉంటావు. దానికి రెండేళ్ల బంధం నిండాలి, మీకు ఏడాదిన్నరే.

ఆదాయం కాగితాల దగ్గర జాగ్రత్త. తిరస్కరణలు ఎక్కువగా ఇక్కడే చూశాను. ఒకే యజమాని దగ్గర ఆరు నెలలు దాటింది కాబట్టి ఇద్దరివీ ఆరేసి నెలల పేస్లిప్పులు, అవే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, యజమాని ఇచ్చే ఉత్తరం. ఉత్తరంలో ఉద్యోగం, ఎప్పటి నుంచి, జీతం ఎంత, పర్మనెంటా కాంట్రాక్టా అన్నీ ఉండాలి. పేస్లిప్పులో పడిన మొత్తం అదే అంకెతో బ్యాంకులో కనిపించాలి. నెల జీతగాళ్లకి ఆ ఆరు నెలల్లో అన్నిటికంటే తక్కువ స్థాయిని లెక్కిస్తారు, గంటల లెక్కన పనిచేసే వాళ్లకి సగటు చూస్తారు. నువ్వు గోడౌన్‌లో షిఫ్టుల మీద పని చేస్తున్నావు కాబట్టి సగటు తీసి చూసుకో. దరఖాస్తు పెట్టే లోపు ఉద్యోగం మాత్రం మారకు. ఇంకో చోట గంటకి పౌండు ఎక్కువిస్తారని మారితే ఆరు నెలల లెక్క తెగిపోయి, 12 నెలల సంపాదన చూపించే పద్ధతిలో పడతావు. తీసిన కాగితాలు దరఖాస్తు తేదీకి 28 రోజుల లోపువై ఉండాలి. డిసెంబరులో తీసి పెట్టుకుని జనవరి చివర వేస్తే పాతవైపోతాయి.

ఇంగ్లిష్ పరీక్ష నీకు అక్కర్లేదు, లీడ్స్ డిగ్రీ చాలు.

బంధం నిజమైనదే అని చూపించడానికి మనవాళ్లు పెళ్లి ఆల్బం మొత్తం స్కాన్ చేసి పంపుతారు. అంత అవసరం లేదు. ఇద్దరి పేరు మీద ఉన్న ఇంటి అద్దె ఒప్పందం, కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి ఇంటి పన్ను) ఉత్తరాలు, కరెంటు బిల్లు, బ్యాంకు ఉత్తరాలు, వేరు వేరు చోట్ల నుంచి, ఈ ఏడాదిన్నరా నెలలు పరుచుకుని ఉండేలా చూసుకో. ఇద్దరి పేర్లూ ఒకే ఉత్తరం మీద లేకపోతే, ఒకే చిరునామాకి విడివిడిగా వచ్చినవి పెట్టు. ఫొటోలు పది చాలు, వాటిలో కుటుంబం ఉన్నవి కొన్ని ఉంటే మంచిది. మీ అమ్మతో ఆ అమ్మాయి వీడియో కాల్‌లో మాట్లాడుతున్న స్క్రీన్‌షాట్ ఒకటి పెట్టు. అబద్ధం మాత్రం ఒక్కటీ వద్దు. ఒకసారి తప్పుడు కాగితం పెట్టినట్టు తేలితే ఆ దరఖాస్తు పోవడమే కాదు, తర్వాత వేసే ప్రతిదానిలోనూ ఆ మచ్చ వెంటపడుతుంది. ఇంతకు ముందు ఏ దేశపు వీసా అయినా తిరస్కరించారా అన్న ప్రశ్నకి నిజం రాయి. తిరస్కరించడం తప్పు కాదు, దాచడం తప్పు.

ఇక మీ అమ్మ ప్రశ్న, మాఘమాసం.

దరఖాస్తు వేశాక, పాత వీసా గడువు అయిపోయినా, నిర్ణయం వచ్చేదాకా నీ హక్కులన్నీ కొనసాగుతాయి. పని చేసుకోవచ్చు. కానీ దేశం దాటితే దరఖాస్తు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. పాస్‌పోర్ట్ నీ దగ్గరే ఉంటుంది, టికెట్ కొనగలవు, విమానం ఎక్కగలవు, ఎవరూ ఆపరు. అదే ప్రమాదం. ఒక చీరాల అబ్బాయి తాతయ్యకి సీరియస్ అని తెల్లవారుజామున ఫోన్ వస్తే ఆలోచించకుండా బయల్దేరాడు. దశదినకర్మ అయ్యేసరికి అక్కడ దరఖాస్తు లేదు, వీసా లేదు. తప్పు అని అతన్ని ఎవరంటారు? కానీ భార్య దగ్గరికి తిరిగి వెళ్లడానికి అతనికి పది నెలలు పట్టింది.

కాబట్టి మాఘమాసమే కావాలంటే ఒకటే దారి. జనవరిలో రిజిస్టర్ పెళ్లి అయిపోవాలి, 2025 లెక్కన 1,000 పౌండ్లు అదనంగా కట్టి సూపర్ ప్రయారిటీలో వేయాలి, మామూలుగా బయోమెట్రిక్ ఇచ్చిన మర్నాటి పనిదినానికి నిర్ణయం వస్తుంది. నిర్ణయం వచ్చాకే టికెట్. నోటీసు 70 రోజులకి సాగితే ఈ లెక్క మరీ బిగుసుకుపోతుంది. మధ్యలో పండగ సెలవులు కూడా ఉంటాయి. నా సలహా అడిగితే వైశాఖానికి ముహూర్తం పెట్టించు. అప్పటికి వీసా చేతిలో ఉంటుంది, మనశ్శాంతిగా వస్తావు. ఎండ ఉంటుంది, నిజమే. వైశాఖం మొదట్లోనే, పొద్దున ముహూర్తమే చూసుకోండి. మా అత్తమామల్ని మే నెలలో కావలి స్టేషన్లో రైలు దింపాం. ఆవిడ ప్లాట్‌ఫాం మీద అడుగుపెట్టి, 'ఇంజను ఇంత దగ్గర ఆపారేం?' అంది. ఆ వేడి గాలి ఇంజను నుంచే వస్తోందనుకుంది పాపం.

అమ్మకి ఎలా చెప్పాలంటే, 'అక్కడ పెళ్లి చేసుకుంటున్నాం' అని చెప్పకు. 'వీసా కోసం రిజిస్ట్రేషన్ చేయిస్తున్నాం' అను. మన దగ్గర అమెరికా సంబంధాలకి పెళ్లికి ముందే రిజిస్ట్రేషన్ చేయించడం ఇప్పుడు కొత్తేం కాదు, అందరూ అర్థం చేసుకుంటారు. అబద్ధం కూడా కాదు. ఆవిడ లెక్కలో తాళి పడినరోజే పెళ్లి.

అయితే కావలి పెళ్లి తర్వాత మళ్లీ ఇక్కడ ఇంకో సర్టిఫికెట్ తీయించే పని పెట్టుకోవద్దు. 'మనకీ ఒకటి ఉంటే మంచిది' అని పెద్దలు అంటారు. రెండు సర్టిఫికెట్లు, రెండు తేదీలు, ఇక ప్రతి ఫారంలోనూ సంజాయిషీ. బ్రిటన్‌లో అక్కడి చట్టం ప్రకారం జరిగిన పెళ్లి పెళ్లే. భారత పౌరులు విదేశాల్లో చేసుకున్న పెళ్లిని మన రాయబార కార్యాలయంలో నమోదు చేసుకోవడానికి 1969 ఫారిన్ మ్యారేజ్ యాక్టు ఉంది, తర్వాత కావాలంటే అది చూడు. ఇండియా ఫారాల్లో కూడా పెళ్లి తేదీ అంటే లీడ్స్ తేదీయే రాయి.

అమ్మాయి మన దగ్గరికి ఈ-వీసా మీద రావచ్చు. మీ ఇంట్లో దిగితే ఒక పని చేయాలి. విదేశీయులు దిగిన చోటి నుంచి 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్ ఫారంలో ప్రభుత్వానికి పంపాలి. హోటళ్లు, లాడ్జీలు ఎలాగూ చేస్తాయి, ఇళ్లల్లో దింపుకున్నప్పుడూ చేయమంటారు. మీ నాన్నకి చెప్పకుండా నువ్వే నింపు. ఆయనకి చెబితే ఎస్పీ ఆఫీసు దాకా వెళ్లి ఎవర్నో పరిచయం చేసుకుని వస్తారు. నేను అనుభవం మీద చెబుతున్నా.

ఓసీఐ కార్డు (విదేశీ పౌరులు ఇండియాకి వీసా లేకుండా వచ్చి ఉండడానికి ఇచ్చేది) ఆమెకి వెంటనే రాదు. పెళ్లి నమోదై రెండేళ్లు నిండాలి, ఆ బంధం కొనసాగుతూ ఉండాలి. లీడ్స్ సర్టిఫికెట్‌కి అక్కడి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (పత్రం నిజమైనదేనని ధ్రువీకరించేది) కూడా వేయించుకోవాలి. నీ ప్రశ్నలో మీ నాన్న కోడలి పేరున రెండెకరాల చెరువు రాయాలనుకుంటున్నారని ఉంది. ఓసీఐ వచ్చినా వ్యవసాయ భూమి కొనడానికి గానీ, దానంగా తీసుకోవడానికి గానీ వీల్లేదు. నీ పేరున ఉంచమను, లేదా ఆమెకి ఒక గొలుసు చేయించమను.

తర్వాతి ఖర్చు కూడా ఇప్పుడే తెలుసుకో, ఏజెంట్లు ఇది కూడా చెప్పరు. రెండున్నరేళ్లకి ఒకసారి మళ్లీ అదే ఫీజు, మళ్లీ సర్‌చార్జి, మళ్లీ ఆదాయం రుజువు. ఐదేళ్లు నిండాక శాశ్వత నివాసానికి 2025 లెక్కన 3,029 పౌండ్లు, అక్కడి జీవితం, చరిత్ర గురించి పెట్టే లైఫ్ ఇన్ ద యూకే పరీక్షకి 50. ఈ ఐదేళ్లూ నువ్వు మామూలుగా ప్రభుత్వ భృతులు తీసుకోకూడదు. ఉద్యోగాలు కాపాడుకోండి, పేస్లిప్పులు పారేయకండి.

ఇది చదివే ఆడపిల్లలకి ఒక్క మాట. స్పౌజ్ వీసా మీద వెళ్లాక భర్త కొడుతున్నా, 'వీసా క్యాన్సిల్ చేయిస్తా' అని బెదిరిస్తున్నా నోరు మూసుకుని పడి ఉండాల్సిన అవసరం లేదు. గృహహింస బాధితులకి సొంతంగా ఉండే హక్కు అడగడానికి అక్కడ ప్రత్యేక దారి ఉంది. పాస్‌పోర్ట్ మీ దగ్గరే పెట్టుకోండి.

చివరగా, అమ్మాయికి తెలుగు పేరు పెట్టాలని మీ పంతులుగారు అన్నారని రాశావు. పెట్టనివ్వు. శుభలేఖలో వేయించండి, సంకల్పంలో చదవనివ్వండి. పాస్‌పోర్ట్ దరిదాపుల్లోకి మాత్రం ఆ పేరు రానివ్వొద్దు. మాలకొండ మీద మా పంతులుగారు మా ఆయన గోత్రం అడిగి, లేదంటే ఒకటి ఇచ్చి, పేరు 'నరసింహమూర్తి' అని ఖాయం చేశారు. ఇప్పటికీ మా కందుకూరు బజారులో ఆయన మూర్తిగారే. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు చేపల కొట్టు దగ్గర ఎవరో 'మూర్తిగారూ' అని కేకేస్తే, ఈయన వెనక్కి తిరిగి 'ఆఁ, వస్తున్నా' అన్నారు.